ఆదివారం ఆరాధనకి ఎందుకు వెళ్తున్నారు, ఎందుకు మానేశారు? గోదావరి జిల్లాలవాళ్లు చెప్పండి

వశిష్ఠ_గట్టు (నరసాపురం వైపు)

అందరికీ వందనాలు. మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. మా సంఘం పాతది. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ దొరలు మొదలుపెట్టిన గోదావరి డెల్టా మిషన్ సంఘాల్లో ఒకటి. నేను సండే స్కూల్ చెప్తాను, కమిటీలోనూ ఉన్నాను.

ఈ మధ్య కమిటీ కూర్చుంటే ఒకటే మాట, జనం తగ్గిపోతున్నారని. ఆడవాళ్ల వైపు చాపలు చాలవు. మగవాళ్ల వైపు ముందు రెండు వరసలు దాటితే ఖాళీ. కుర్రాళ్లయితే గేటు బయట బైకుల మీదే కూర్చుని, వాక్య ప్రసంగం అయ్యేదాకా ఫోన్ చూసుకుని, తల్లినో భార్యనో ఎక్కించుకుని వెళ్లిపోతారు. పెద్దలు తలా ఒక కారణం చెప్పారు. సెల్‌ఫోన్లన్నారు, తాగుడన్నారు, భక్తి తగ్గిపోయిందన్నారు. రానివాళ్ల ఇంటికి వెళ్లి ఎవరైనా అడిగారా అంటే మాత్రం ఒక్కరూ మాట్లాడలేదు.

అందుకే ఇక్కడ అడుగుతున్నాను. ఏ శాఖవాళ్లయినా సరే, అసలు విశ్వాసం లేనివాళ్లయినా సరే. వెళ్లేవాళ్లు ఎందుకు వెళ్తున్నారో, మానేసినవాళ్లు ఏం జరిగి మానేశారో ఉన్నదున్నట్టు రాయండి. దయచేసి ఎవరూ ఎవరికీ వాక్యం ఎత్తి బుద్ధి చెప్పొద్దు.

చెరువు_కాపలా (భీమవరం చుట్టుపక్కల)

సిస్టర్, మీ పెద్దలు చెప్పిన మూడు కారణాల్లోనూ నేను లేను. నాది వనామీ రొయ్యల చెరువుల మీద పని. తెల్లారగట్ల నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ టైములో కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే వెంటనే జనరేటర్ వెయ్యాలి. మనిషి గట్టు మీద లేకపోతే పంట మొత్తం పోతుంది. పొద్దున్నే మొదటి మేత, పదింటికల్లా రెండోది. మేత వేసిన గంటా గంటన్నరకి చెక్ ట్రే, అంటే కాస్త మేత వేసి నీళ్లలో దించిన పళ్లెం, పైకెత్తి ఎంత తిన్నాయో, పేగు నిండిందో లేదో, తోకలు ఎర్రబడ్డాయేమో చూడాలి. ఏ పూటకి ఎంత మేత తగ్గించాలో పెంచాలో అప్పుడే తెలుస్తుంది. రొయ్యకి ఆదివారం లేదు కదండీ.

మా ఊళ్లో ఆరాధన తొమ్మిదిన్నరకి మొదలైతే ఒంటిగంట దాటితేగానీ వదలరు. సరిగ్గా నాకు కుదరని టైము అదే. మా ఓనరు హిందువు, మంచివాడు. వెళ్లి రారా అంటాడు. కానీ నేను లేనప్పుడు చెరువు తేలిపోతే ఆయన కుటుంబం అప్పులపాలైపోతుంది. ఆ భయం పెట్టుకుని చర్చిలో కూర్చుంటే పాట మీదా మనసుండదు, మాట మీదా ఉండదు.

షెడ్డులో బైబిలుంది. పొద్దున కాసేపు చదువుకుంటాను. మా పాస్టర్ గారిని అడిగాను, ఆదివారం సాయంత్రం ఒక గంట ఆరాధన పెట్టండి, మా గట్ల మీద పనిచేసేవాళ్లం వస్తాం అని. చూద్దామన్నారు. చూస్తూనే ఉన్నారు.

రాజమండ్రి_కోడలు

నేను లూథరన్ సంఘం మనిషిని. మానేద్దామన్న ఆలోచన నాకు ఎప్పుడూ రాలేదు. ఎందుకో చెప్తాను.

మా నాయనమ్మకి చదువు రాదు. ఆరాధన క్రమం మాత్రం మొత్తం నోటికి వచ్చు. పాపపు ఒప్పుకోలు, విశ్వాస ప్రమాణం, చివర ఆశీర్వాదం, ఒక్క మాట తప్పేది కాదు. అవే మాటలు మా అమ్మ చెప్పింది, ఇప్పుడు నా కూతురు చెప్తోంది. కొందరు దీన్ని బట్టీ అంటారు. మా తమ్ముడు చనిపోయిన సంవత్సరం నా నోటి నుంచి సొంత ప్రార్థన ఒక్కటి రాలేదు. ఏం అడగాలి, ఎవర్ని అడగాలి అనిపించింది. అప్పుడు ఆ ఆరాధన క్రమం పుస్తకంలో మాటలే పక్కవాళ్లతో కలిపి చదివాను. నమ్మి చదివానో లేదో చెప్పలేను. నా చుట్టూ వందమంది చదువుతున్నారు, వాళ్ల గొంతుల్లో నా గొంతూ కలిసింది. ఇంట్లో ఒంటరిగా కూర్చుని ఉంటే ఆ సంవత్సరం నేను గడిపేదాన్ని కాదు.

మా అత్తగారివాళ్లు బైబిల్ మిషన్. దేవదాసు అయ్యగారిది ఇక్కడి జేగురుపాడే. ఆయన కూడా మొదట లూథరన్ సంఘంలో ఉన్నవారే, 1938లో బయటికొచ్చి బైబిల్ మిషన్ స్థాపించారు. అత్తగారికి మా క్రమం నచ్చదు. ఆవిడకి సన్నిధి కూటం కావాలి, అంటే మాట లేకుండా దేవుని ముందు కనిపెట్టుకుని కూర్చోవడం. నాకు మాటలు కావాలి, ఆవిడకి మౌనం కావాలి. ఇద్దరం ఆదివారం పొద్దున ఒకే ఆటోలో బయల్దేరి వేర్వేరు వీధుల్లో దిగుతాం.

నాస్తికుడు_కాదు (తణుకు)

నేను మానేశాను. మా నాన్నకి షుగరు, ఇన్సులిన్ మీద ఉండేవారు. ఒక స్వస్థత కూటంలో ఆయన్ని ముందుకి పిలిచి, విశ్వాసం ఉంటే సూది ఎందుకన్నారు. నాన్న ఇంటికొచ్చి సూదులన్నీ పారేశారు. మేం ఎంత బతిమాలినా వినలేదు. కాలికి పుండై, కుళ్లి, మోకాలి కింద తీసేశారు. ఆ కూటం పెట్టినవాళ్లు మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. మా సొంత సంఘంవాళ్లు వచ్చారు, కానీ మీవాడికి విశ్వాసం చాల్లేదేమో అన్న మాట ఒకావిడ నోటి నుంచి వచ్చింది. అది మా అమ్మ విన్నది.

దేవుడు లేడని నేను అనను. ఆ మాట అన్నచోట మళ్లీ కూర్చోలేను, అంతే.

రాజమండ్రి_కోడలు

చదివి ఏడుపొచ్చింది బ్రదర్. మీరు మానేయడంలో తప్పేముంది? పేరు చివర కాదు అని పెట్టుకోవాల్సిన పని కూడా మీకు లేదు.

ఒక్కటి మాత్రం అందరికీ చెప్పాలి. డాక్టరిచ్చిన మందులు మానెయ్యమనడం మన సంఘాల సంప్రదాయం కానే కాదు. గుంటూరుకి అమెరికా నుంచి అన్నా కుగ్లర్ డాక్టరమ్మ 1883లో వచ్చింది. ఆడవాళ్లకి వైద్యం చెయ్యడానికి ఆస్పత్రి కట్టించి, ఇక్కడే కన్నుమూసింది. రాజమండ్రిలోనూ, పిఠాపురంలోనూ మిషన్ ఆస్పత్రుల్లో పుట్టిన పిల్లలు ఈ జిల్లాల్లో వేలమంది. మన పెద్దలు ప్రార్థన చేసి సూది వేశారు. సూది పారెయ్యమనేవాడు స్టేజీ మీద ఎంత గట్టిగా అరిచినా పక్కకి తప్పుకోండి. పాస్టర్లు ఈ మాట ప్రసంగ వేదిక మీదనుంచి పేరుపెట్టి చెప్పాలి. చెప్పకపోతే ఈ బ్రదర్ లాంటివాళ్లని వెనక్కి రమ్మని అడిగే అర్హత మనకి లేదు.

కువైట్_నుంచి_వచ్చా (రాజోలు)

నేను ఇళ్లల్లో పనికి కువైట్ వెళ్లి చాలా ఏళ్లు చేసి వచ్చాను. అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి చర్చి కూడా శుక్రవారమే. కువైట్ సిటీలో ఒకే ప్రహరీలో ఎన్నో భాషలవాళ్ల ఆరాధనలు గంటల లెక్కన జరుగుతుంటాయి. ఒక గదిలో మలయాళీలు, పక్క గదిలో ఫిలిప్పీన్స్‌వాళ్లు, ఇంకో హాల్లో మన తెలుగువాళ్లు. ఇంట్లో పనిచేసేవాళ్లకి వారానికో సెలవివ్వాలని 2015లో అక్కడ చట్టం వచ్చింది. కానీ మేడమ్ పంపిస్తేనే సెలవు. పంపిన శుక్రవారం నాకు పండగే. వారమంతా అరబ్బీలో తిట్లు తిన్న చెవులకి "ఏమ్మా బాగున్నావా, తిన్నావా" అని రాజోలు యాసలో ఒకావిడ అడిగితే చాలు. అక్కడ డబ్బు దాచుకోవడం, పాస్‌పోర్ట్ గొడవలు, ఏజెంటు మోసాలు, అన్నీ ఆ మెట్ల మీద కూర్చునే చెప్పుకునేవాళ్లం. ఒకమ్మాయి చనిపోతే శవం ఊరికి పంపించడానికి చందాలు వేసుకున్నది కూడా అక్కడే.

ఊరికొచ్చాక మా చర్చికి ఆశగా వెళ్లాను. మొదటి ఆదివారమే నన్ను నిలబెట్టి సాక్ష్యం, అంటే దేవుడు చేసిన మేలు, చెప్పమన్నారు. సంతోషంగా చెప్పాను. తర్వాతి వారం శ్లాబుకి చందా అన్నారు, ఇచ్చాను. ఆ తర్వాత ఎవరెంత ఇచ్చారో మైకులో పేర్లతో చదవడం మొదలుపెట్టారు. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల పేర్లు ముందు. నా వెనక చాప మీద మా పిన్ని కూర్చుంది. కూలికి వెళ్లే మనిషి, ఇరవై రూపాయలు వేసింది. ఆవిడ పేరు రాలేదు. తల దించుకుని కొంగు ముడి విప్పి మళ్లీ వేసుకుంటోంది. కుడిచేయి ఇచ్చేది ఎడమచేతికి తెలియనివ్వొద్దని కొండమీద ప్రసంగంలో ఉన్నది మనకి తెలియనిదా? ఆ రోజు నుంచి నేను వెళ్లడం లేదు. పిన్ని వెళ్తోంది, అది వేరే సంగతి.

లంక_పాస్టర్

వందనాలమ్మా. మీరు రాసినది పాస్టర్‌గా నాకు గుచ్చుకుంది. పేర్లు చదవడం తప్పు, మా దగ్గర చదవం.

కానీ డబ్బు గురించి మా వైపు నుంచి కూడా వినాలి. మాది గోదావరి మధ్యనున్న లంక గ్రామంలో చిన్న స్వతంత్ర సంఘం. ఏ మిషన్ నుంచీ జీతం రాదు. బౌడెన్, బీర్ గారలు కూడా జీతం హామీ ఇచ్చే సంస్థ ఏదీ లేకుండానే ఇంత దూరం వచ్చి విశ్వాసం మీద బతికారని మా పెద్దలు చెప్పేవారు, మేం ఆ దారినే పట్టుకున్నాం. కానీ పిల్లల స్కూలు ఫీజు విశ్వాసంతో కడతానంటే ఆఫీసులో ఒప్పుకోరు. మా సంఘంలో ఆడవాళ్లు వంటకి బియ్యం కొలిచేటప్పుడు ప్రతి పూటా ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ సంచులు బల్ల దగ్గర పెడతారు. ఒక సంచిలో సన్న బియ్యం, ఒక దాంట్లో రేషన్ బియ్యం, ఒక దాంట్లో నూకలు. అన్నీ కలిపి పోస్తే మా ఇంట్లో అన్నం ఎప్పుడూ సమానంగా ఉడకదు. ఆ అన్నం తింటూ నేను ఎవరి పేరు పెద్దది, ఎవరి పేరు చిన్నది అని ఎలా చదువుతాను?

ఇంకోటి. 2022 జూలైలో వరదొచ్చినప్పుడు మా లంకలో చాలా ఇళ్లు మునిగాయి. వరద తీశాక చర్చికి అంతకుముందు రానివాళ్లు కూడా కొన్నాళ్లు వచ్చారు, మెల్లగా ఆగిపోయారు. అప్పుడు బాధపడ్డాను, ఇప్పుడు పడను. అవసరానికి వచ్చారంటే ఇక్కడ తలుపు తీసి ఉంటుందని నమ్మినట్టే కదా.

తులసికోట (అమలాపురం)

నేను క్రైస్తవురాలిని కాదు. మా ఇంట్లో పూజలున్నాయి, వ్రతాలున్నాయి. అయినా శుక్రవారం ఉపవాస ప్రార్థనకి వెళ్తున్నాను. మా బాబుకి మూర్ఛలొచ్చి కాకినాడ ఆస్పత్రిలో ఉంచితే ఎదురింటి అక్క తన కూలి మానుకుని నా పక్కన కూర్చుంది. మతం మాట ఎత్తలేదు. ఇంటికొచ్చాక నేనే అడిగాను, నన్నూ తీసుకెళ్లమని. మందులు ఆపలేదు, ఇప్పటికీ టైముకి వేస్తున్నాను. పైన బ్రదర్ రాసింది చదివి ఈ మాట రాయాలనిపించింది.

అక్కడ నాకు నచ్చింది ఒకటే. మా బాబు పేరు పెట్టి అంతమంది ఆడవాళ్లు పైకి ప్రార్థిస్తారు. గుళ్లో గోత్రనామాలు చెప్పి అర్చన చేయించినప్పుడూ మనసు తేలికపడుతుంది, కానీ అక్కడ చెప్పేది పూజారి గారు ఒక్కరే. ఇక్కడ చేపలమ్ముకునే ఆవిడా, టీచరమ్మా ఇద్దరూ వాడి కోసం ఏడుస్తారు.

ఈ మధ్య కొంచెం తగ్గించాను. బాప్తిస్మం ఎప్పుడు తీసుకుంటావని ప్రతివారం ఎవరో ఒకరు అడుగుతున్నారు. మా ఆయన కాదనడు, కానీ అత్తమామలున్నారు, ఆడపిల్లల పెళ్లిళ్లున్నాయి. నేను చెప్పలేక వెనక కూర్చుని ముందే లేచి వచ్చేస్తున్నాను. మా వాళ్లు మార్చ్‌లో గౌరీపట్నం కొండ మీది నిర్మలగిరి మేరీమాత గుడికి వెళ్తారు. అక్కడ మేరీమాతకి కొబ్బరికాయ కొట్టే హిందువులు బోలెడుమంది, ఎవరూ ఏమీ అడగరు. శుక్రవారం ప్రార్థనలో కూడా అలా ఉండనిస్తే ఎంత బాగుండును.

పాత_బడిపంతులు (పాలకొల్లు)

అమ్మా తులసికోట, మీరు వెనక కూర్చోవడానికి మీ కారణం మీకుంది. వేల కుటుంబాలకి ఇంకో కారణం ఉంది. సంఘాల్లో దాన్ని ఎవరూ పైకి అనరు కాబట్టి నేనే రాస్తాను.

1950లో రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా హిందువులకే. 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని చేర్చారు. క్రైస్తవులని చేర్చలేదు. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవులకి వెనుకబడిన తరగతుల్లో సీ గ్రూపు (బీసీ-సీ) ఇచ్చారు, అందులో రిజర్వేషన్ ఒక్క శాతం. అంటే దళితుల పేటలో పక్కపక్క ఇళ్లల్లో ఉండే ఇద్దరు అన్నదమ్ముల పిల్లలకి, అదే వెలి, అదే కూలి ఉన్నా, కాగితం మీద మతాన్ని బట్టి చదువూ ఉద్యోగమూ మారిపోతాయి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.3 శాతం చిల్లర. ఆదివారం పొద్దున మన గోదావరి జిల్లాల్లో ఏ పేటలోకైనా వెళ్లి చూడండి, ఆ అంకె మీద నమ్మకం ఉంటుందేమో.

నేను ముప్పై ఏళ్లకి పైగా బళ్లో పనిచేశాను. మంచి మార్కులొచ్చిన పిల్లలు పదో తరగతి వరకు క్రిస్మస్ నాటికలో యోసేపు, గొల్లవాళ్లు వేషాలు కట్టేవాళ్లు. కాగితం మీద హిందువులుగా ఎస్సీ కోటాలో ఉద్యోగం రాగానే చర్చి మెట్లెక్కడం మానేసేవాళ్లు. ఎవరైనా ఫొటో తీసి ఫిర్యాదు పెడతారని భయం. వాళ్లని పట్టుకుని భక్తి పోయిందంటే అన్యాయం. ఆ కుర్రాడు రాత్రి తలుపేసుకుని తల్లితో కుటుంబ ప్రార్థన చేస్తాడు. అతన్ని చర్చికి దూరం చేసింది విశ్వాసం తగ్గడం కాదు, ఆ ఉత్తర్వు.

చెరువు_కాపలా

మా అన్నయ్య సంగతి అచ్చంగా ఇదే మాస్టారూ. ఇంతకంటే రాయలేను.

పేట_అబ్బాయి (రామచంద్రపురం వైపు)

మాస్టారు గారు ప్రభుత్వ ఉత్తర్వు గురించి రాశారు. మనం రాసుకున్న ఉత్తర్వు గురించి నేను రాస్తాను.

మా ఊళ్లో రెండు చర్చిలు. ఒకటి మాలపేటలో, ఒకటి మాదిగపేటలో. మధ్యలో ఒక పంటబోదె. రెండింటిలో అదే బైబిలు, అవే కీర్తనలు, క్రిస్మస్ స్టార్ కూడా ఒకే కొట్లో కొంటారు. నేను ఇటువాడిని, ఆ అమ్మాయి అటుది. ఇద్దరం ఉమ్మడి యూత్ రిట్రీట్‌లో కలిశాం. ఇంట్లో చెప్పాక మొదట అడ్డం పడింది మా సంఘ పెద్దలే. మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదవాలి కదా, మా చర్చిలో చదవం అన్నారు. ఊళ్లో గొడవలవుతాయట. ఆ అమ్మాయికి వేరే సంబంధం చేసేశారు. క్రీస్తులో అందరూ ఒక్కటే అని మరుసటి ఆదివారం వాక్యం చెప్పారు. నేను మధ్యలో లేచి వచ్చేశాను. మళ్లీ వెళ్లలేదు.

హెబ్రోను_బిడ్డ (కాకినాడ)

తమ్ముడూ, నీ బాధ అర్థమైంది. కానీ అన్నిచోట్లా అలా లేదు. మాది ప్రసంగీకులు భక్తసింగ్ గారు మొదలుపెట్టిన హెబ్రోను సంఘాల సహవాసం. ఆరాధన అయ్యాక అక్కడే నేల మీద వరసలుగా కూర్చుని ప్రేమవిందు తింటాం. వండేది ఎవరు, పక్కన కూర్చున్నది ఎవరు అని చూడరు. ఆయన పంజాబ్ నుంచి వచ్చి మన దేశంలో ఆ అలవాటు పెట్టింది కులం గోడ కూల్చడానికే. మా అమ్మ చిన్నప్పుడు ఆ పంక్తిలో మొదటిసారి పెద్ద కులపావిడ పక్కన కూర్చుని తిన్నానని ఇప్పటికీ చెప్తుంది. నేను చర్చికి వెళ్లడానికి ఆ పంక్తి ఒక్కటే చాలు.

పేట_అబ్బాయి

అక్కా, మీ అమ్మగారి మాట నిజం, దాని విలువ నాకు తెలుసు. కానీ అన్నం దాకా కలుస్తాం, పెళ్లి దగ్గర ఆగిపోతాం. మీ సంఘంలో సంబంధాలు చూసేటప్పుడు కులం అడగరా? నిజం చెప్పండి.

హెబ్రోను_బిడ్డ

అడుగుతారు.

లంక_పాస్టర్

చావు దగ్గర కూడా ఆగిపోతాం. మన డెల్టాలో నేల తక్కువ, రెండడుగులు తవ్వితే నీళ్లు. సమాధుల తోటకి చోటు కోసం ప్రతి సంఘమూ ఆఫీసుల చుట్టూ తిరుగుతోంది. ఏడాదంతా ఆరాధనకి రాకుండా చందా మాత్రం కట్టేవాళ్లు మా సంఘంలో కొందరున్నారు. అడిగితే, పోయాక చోటు కావాలి కదండీ అంటారు. ముందు నాకు కోపమొచ్చేది. ఆ చోటు లేక కాలవగట్టున పూడ్చిన కుటుంబాన్ని చూశాక ఆ కోపం పోయింది. ఇంత ఇరుకులో కూడా మా మండలంలో రెండు పేటల సమాధుల తోటల మధ్య కంచె ఉంది. నేను పాస్టర్‌ని, దాని పక్కన నిలబడి పునరుత్థానం గురించి చెప్తున్నాను. పేట_అబ్బాయి అడిగింది ముందు మా పాస్టర్లనే అడగాలి.

వశిష్ఠ_గట్టు

అందరివీ రెండేసిసార్లు చదివాను. మా ఊరి పెద్దలు చెప్పిన కారణాల్లో ఒక్కటీ ఇక్కడ రాలేదు, అది గమనించారా?

కమిటీ ముందు పెట్టేవి రాసుకున్నాను. చెరువుల మీద పనిచేసేవాళ్ల కోసం ఆదివారం సాయంత్రం ఏడింటికి గంట ఆరాధన. మా వైపు కూడా గట్ల మీద చాలామంది ఉన్నారు, నాకే తట్టలేదు. కానుకల పేర్లు చదవడం పూర్తిగా ఆపాలి. డాక్టరిచ్చిన మందులు మానొద్దని మా అయ్యగారితో నేరుగా చెప్పించాలి. శుక్రవారం వచ్చేవాళ్లని బాప్తిస్మం గురించి వాళ్లే అడిగేదాకా అడగొద్దని స్త్రీల సమాజంలో నేనే చెప్తాను. మాస్టారు రాసిన సంగతి మీద కమిటీ చెయ్యగలిగింది ఒక్కటే కనిపిస్తోంది, ఆ పిల్లల ఇళ్లకి మనమే వెళ్లి కలవడం, ఫొటోలు తీసి గ్రూపుల్లో పెట్టకుండా.

చెరువు_కాపలా

ఏడు కాదు సిస్టర్, ఏడున్నర చెయ్యండి. సాయంత్రం మేత అయ్యి గట్టు దిగేసరికి ఏడవుతుంది.

పేట_అబ్బాయి

మీ జాబితాలో నాది లేదు.

వశిష్ఠ_గట్టు

రాయడానికి ధైర్యం చాల్లేదు తమ్ముడూ. మా సంఘంలోనూ అదే ఉంది.

పేట_అబ్బాయి

ధైర్యం వచ్చాకే రాయండి, పర్లేదు. కానీ రాస్తే కాగితం మీద రాయండి. రెండు పేటల వాళ్లు పెళ్లాడతామంటే మీ చర్చిలో ప్రకటన చదువుతారా, చదవరా? అవునా కాదా అన్నది మినిట్స్ పుస్తకంలో ఉండాలి, కమిటీ సంతకాలతో. మాటల్లో అందరూ చదువుతామనే అంటారు. మా పెద్దలూ అలాగే అన్నారు.

వశిష్ఠ_గట్టు

కమిటీ మొదటి శనివారం కూర్చుంటుంది. రాతలోనే పెడతాను. సంతకం పెట్టనివాళ్లు ఎందుకు పెట్టలేదో కూడా అందులోనే రాయమంటాను. ఏమైందో ఇక్కడ చెప్తాను.